మెకీథన్ల గళ్ళబట్ట

ఆ వేసవి మా నాన్న స్కాట్లండు ప్రయాణం పెట్టుకున్నాడు. అది 1976. అమెరికాకు స్వతంత్రం వచ్చి రెండు వందల ఏళ్ళు నిండాయని వీధివీధికీ జెండాలు కట్టారు. ఎవరిని కదిలించినా తాతల కబుర్లే. అరవై ఎనిమిదేళ్ళు వచ్చినా నార్త్ కరోలినా పొలిమేర గట్టిగా నాలుగుసార్లు దాటని మనిషి, "సెప్టెంబరులో ఇంటికి వెళ్తున్నా" అని ఊరంతా చెప్పుకు తిరిగాడు. ఆయన మందుల షాపుకి దగ్గుమందు కోసం వచ్చినవాళ్ళు కూడా ఆ కబురు విననిదే బయటపడేవాళ్ళు కాదు. మా పూర్వులు ఆ కొండలు వదిలి వచ్చి రెండు వందల ఏళ్ళు దాటింది. అయినా నాన్న లెక్కలో ఇల్లంటే అదే. మేం పుట్టి పెరిగిన ఇసుక నేల, పైన్ చెట్లు, పొగాకు పొలాలు అన్నీ మజిలీ.

ఒట్టి చేతులతో వెళ్ళడం లేదు. మా ముందుగదిలో అద్దాలపెట్టెలో ఉన్న గుడ్డను వెంట తీసుకెళ్తున్నాడు. జానెడు వెడల్పు, రెండు మూరల పొడవు ఉంటుంది. నీలం, గోధుమరంగు గళ్ళు, మధ్యమధ్య సన్నటి ఎర్రగీత. ఒక మూల అరచేయంత నల్లటి మరక. పక్కన నాన్న మేనత్త చేతిరాతతో ఒక అట్ట: "రోరీ మెకీథన్ ధరించినది. కలోడెన్ యుద్ధం, 1746." ఆ యుద్ధంలో మావాళ్ళు ఇంగ్లీషు రాజు చేతిలో ఓడిపోయారు. రాజు మా గళ్ళబట్టలను నిషేధించాడు. రోరీ ఈ ముక్కను చొక్కా కింద గుండెకు ఆనించుకుని ఓడ ఎక్కాడు. మరక ఆయన నెత్తురు. ఈ కథ నాకు ఉగ్గుపాలతో పోశారు. మా వంశ నాయకుడి కోటలో ఉన్న మ్యూజియానికి దాన్ని స్వయంగా అప్పగించాలని నాన్న కోరిక.

ఏటా జూన్ ఆఖరి ఆదివారం మా చర్చిలో గళ్ళబట్టల ఆశీర్వాదం జరుగుతుంది. ఒక్కొక్క ఇంటిపేరూ పిలుస్తారు. ఆ ఇంటిపెద్ద లేచి, తన వంశపు గుడ్డను పైకెత్తి, ఇంటిపేరు బిగ్గరగా పలికి, గుడ్డను పెదవులకు ఆనించుకుంటాడు. నిషేధం రోజుల్లో మా తాతలు పాస్టరు దీవించే వేళకు దుస్తుల్లో దాచిన గుడ్డను రహస్యంగా తడుముకునేవారట, ఇది దాని గుర్తు. మిగతావాళ్ళ గుడ్డలన్నీ ఎడిన్‌బరా నుంచి పోస్టులో వచ్చినవి. మాది ఒక్కటే అసలు సిసలుదని ఊరి నమ్మకం. వియత్నాం వెళ్ళే కుర్రాళ్ళు దాన్ని తాకి వెళ్ళారు. వాళ్ళలో తిరిగొచ్చినవాళ్ళున్నారు, రానివాళ్ళూ ఉన్నారు. నాన్న తిరిగొచ్చినవాళ్ళ గురించే చెప్పేవాడు.

అమ్మకు మాత్రం ఆ గుడ్డంటే గిట్టేది కాదు. బతికున్నన్నాళ్ళూ ఆ గది తుడవాలంటే ముందు కిటికీలు తెరిచేది. "అది నన్ను చూస్తుందే ఎఫీ" అనేది. మేం నవ్వేవాళ్ళం. అమ్మ పోయాక ఆ ఇంట్లో నాన్నా, నేనూ మిగిలాం. నాకప్పుడు ముప్ఫై ఒకటి. కౌంటీ నర్సుగా ఇల్లిల్లూ తిరిగి మంచాన పడ్డవాళ్ళకు కట్లు కట్టేదాన్ని.

ఆ ఏడు పండగ వారం మొదట్లో, గుడ్డను చూడ్డానికి మిసెస్ రెన్నీ వచ్చింది. నాయకుడి కోటలో మ్యూజియం చూసుకునే మనిషి. బక్కపలచగా, బూడిదరంగు గౌనులో, మా ఎండకు ఉడికిపోతూ వచ్చింది. ఆవిడకోసం నాన్న ఆ ఉక్కలో పావడాలాంటి ఉన్ని కిల్టు కట్టి, మేజోళ్ళు మోకాళ్ళదాకా లాగి సిద్ధంగా ఉన్నాడు. ఆవిడ ఆయన్ని ఎగాదిగా చూసి, ఐస్ టీ రెండు గ్లాసులు తాగింది.

"ఈ ఆశీర్వాదం పండగ మా దగ్గర లేదండీ. ఇక్కడికొచ్చాకే వింటున్నా" అంది.

"మీరు అక్కడే ఉండి మర్చిపోయారు. దూరం వచ్చినవాళ్ళం, మేం గుర్తుపెట్టుకున్నాం" అన్నాడు నాన్న.

"ఏమోనండీ. మా ఊళ్ళో కిల్టు పెళ్ళికి అద్దెకు తెచ్చుకుంటారు. సోమవారం పదింటికల్లా తిరిగిచ్చేయాలి."

నాన్న గట్టిగా నవ్వాడు. ఆయన అంత నవ్వడం చూసి చాలా రోజులైంది. అదే ఊపులో పెట్టె తెరిచి గుడ్డ ఆవిడ ముందు పెట్టాడు. ఆవిడ భూతద్దం తీసి చాలాసేపు చూసింది. తర్వాత అంచున వేలాడుతున్న రెండు పోగులు తీసుకోవచ్చా అని అడిగింది. ఒకటి నిలువుది, ఒకటి అడ్డం. సాసరులో పెట్టి అగ్గిపుల్ల గీసింది.

అడ్డం పోగు వెంట్రుక కాలిన కంపుతో ముడుచుకుని ఉండకట్టింది. నిలువుపోగు కాగితంలా భగ్గున మండి బూడిదైంది.

"పేక ఉన్ని. పడుగు పత్తి" అంది ఆవిడ, ఇంకా సాసరువైపే చూస్తూ. "కలోడెన్ రోజుల్లో మా కొండల్లో పత్తి పడుగు ఎక్కడిదండీ? ఇది పత్తి పండే చోట నేసిన బట్ట."

"అంటే?"

"అంటే ఇక్కడే, హెక్టరుగారూ. నూట ఇరవై ఏళ్ళు ఉంటాయేమో. చేతిమగ్గం. నేసిన చెయ్యి మాత్రం చాలా మంచి చెయ్యి." భూతద్దం సంచిలో పెట్టుకుని, "మ్యూజియంలో పెట్టలేను. ఆదివారం పండగ మీది, దాన్లో నేను నోరెత్తను" అంది.

నాన్న గుడ్డను మళ్ళీ పెట్టెలో సర్దాడు. ఆవిడను కారుదాకా మర్యాదగా దిగబెట్టి వచ్చాడు. వచ్చాక, "ఎవరో తర్వాత చిరుగుల్ని పత్తి దారంతో రఫూ చేసుంటారు. ఆవిడకేం తెలుసు, ఆవిడ బొత్తిగా ఇంగ్లీషు మనిషి" అన్నాడు. నాన్న నోట అంతకు మించిన తిట్టు రాదు. ఆ సాయంత్రం ఆయన అన్నం ముట్టలేదు, టిక్కెట్ల కవరు మాత్రం సొరుగులోంచి తీసి చూసుకుని మళ్ళీ లోపల పెట్టాడు.

గురువారాలు నేను ఎర్లీనమ్మ ఇంటికి వెళ్ళేదాన్ని. ఎనభై ఏళ్ళ మనిషి. చొక్కాల ఫ్యాక్టరీలో ముప్ఫై ఏళ్ళు కాలరు కుట్టింది. కాలి మీద మానని పుండు. మా ఇంటికి మూడు మైళ్ళు. నా దగ్గరున్న కార్డు మీద ఆవిడ పేరు ఎర్లీన్ మెకీథన్ అని ఉండేది. నల్లవాళ్ళలో మా ఇంటిపేరువాళ్ళు కౌంటీలో మాకన్నా ఎక్కువమందే ఉన్నారు. నాన్న ముత్తాత డుగల్డ్ దగ్గర పదకొండు మంది బానిసలుండేవారు, ఆ పేరు అలా వెళ్ళింది. ఆ సంగతి మా ఇంట్లో ఎవరూ దాచలేదు, ఎవరూ మాట్లాడనూ లేదు.

"ఏమ్మా, మీ నాన్న ఈ ఏడు కూడా గౌను కడుతున్నాడా?" అంది నన్ను చూడగానే.

"దాన్ని కిల్టు అంటారు ఎర్లీనమ్మా."

"ఏదో ఒకటి. కట్టనీ పాపం. మోకాళ్ళు బాగుంటాయి, దాచుకోవాల్సిన పనేం లేదు."

నవ్వుతూనే పీట జరిపి, దాని మీద ఎప్పటిలాగే మడతపెట్టిన పాత బొంత వేసి, ఆవిడ కాలు పైకి పెట్టాను. కట్టు విప్పాను. దూదితో తుడుస్తున్నాను. రెండు రోజులుగా పడుగు, పేక అనే మాటలు తలలో తిరుగుతున్నాయేమో, కళ్ళు పుండు మీదనుంచి కిందకు జారాయి. బొంత నడిమధ్య ఒక చదరపు ముక్క. నీలం, గోధుమ, సన్నటి ఎర్రగీత.

చిన్నప్పుడు వానపడి బయటికి పోవడానికి లేనప్పుడు మా గుడ్డ గీతలు లెక్కపెట్టేదాన్ని. ఒకచోట నీలం పోగు పడాల్సింది పొరపాటున గోధుమ పోగు పడింది. రోరీ తల్లి కన్నీళ్ళలో తప్పు నేసిందని నాన్న చెప్పేవాడు. ఎర్లీనమ్మ పాదం కింద ఉన్న ముక్కలో అదే వరసలో అదే గోధుమ పోగు ఉంది. మూడు నెలలుగా ప్రతి గురువారం ఆ బొంతను నా చేతులతోనే మడత పెట్టాను. మా ఇంట్లో అద్దం వెనక ఉన్నప్పుడు దేవుడిలా చూసుకున్న గుడ్డను, ఆ ఇంట్లో కనబడితే గుర్తుపట్టలేదు. దానికి నన్ను నేను ఇప్పటికీ క్షమించుకోలేదు.

"ఈ ముక్క ఎక్కడిది ఎర్లీనమ్మా?"

"అదా, అది మా వైనీది. మా అమ్మమ్మకి అమ్మ. మీ డుగల్డ్ ముసలాయన ఇంట్లో మగ్గం మీద ఉండేది. నీలిమందు, అక్రోటు బెరడు ఉడకబెట్టి రంగు తనే అద్దేదట. 1859లో, అమ్మమ్మకి ఆరేళ్ళప్పుడు, వైనీని అలబామాకి అమ్మేశారు. పోయే ముందు మగ్గం మీది ముక్క కోసి పిల్లకి ఇచ్చింది." మామూలుగా చెప్తోంది, ఎన్నోసార్లు చెప్పిన కథలాగే. "స్వేచ్ఛ వచ్చాక అమ్మమ్మ తల్లి కోసం నలభై ఏళ్ళు వెతికించిందమ్మా. చర్చి పత్రికల్లో ప్రకటనలు. అలబామా వెళ్ళే పాస్టర్లందరికీ చీటీలు. 'వైనీ అనే ఆవిడ, నేత బాగా నేస్తుంది, ఎడం చేతివాటం' అని. ఒక్క జవాబూ రాలేదు. అక్కడ ఇంకో మొగుడూ పిల్లలూ అయి నన్ను మర్చిపోయిందిలే అనుకుంటూనే పోయింది పాపం."

నా చేతిలో దూది అలాగే ఉండిపోయింది.

"మా ఇంట్లో ఒకటుంది" అన్నాను. "ఇలాంటిది. కాదు, ఇదే."

ఎర్లీనమ్మ కాలు తనే కిందకు దించుకుంది.

"తీసుకురా. మీ నాన్నని కూడా తీసుకురా. ముందు గుమ్మంలోంచే రమ్మను, నేనేం అనుకోను" అంది. మా ఇళ్ళకు నల్లవాళ్ళు వెనక గుమ్మంలోంచే రావాల్సిన రోజులు ఆవిడ మర్చిపోలేదు.

నాన్న వస్తాడని నేననుకోలేదు. నేను చెప్పింది విని, ముందుగదిలో కుర్చీలో కాసేపు కూర్చుని, "సరే పద. ఆ ముచ్చటా తీర్చేసుకుని వద్దాం. పోలికలు కనబడ్డంత మాత్రాన ఒకటే అయిపోతాయా?" అన్నాడు. శనివారం పొద్దున్నే వెళ్ళాం. పెట్టె ఆయన ఒళ్ళో పెట్టుకున్నాడు. మూడు మైళ్ళూ దాని మూత మీంచి చెయ్యి తీయలేదు. డెబ్భై ఏళ్ళకు దగ్గరపడి, ఆ ఇంటి మెట్లు ఎక్కడం ఆయనకదే మొదలు.

ఎర్లీనమ్మ చర్చికి వేసుకునే ముదురు గౌను వేసుకుని కూర్చునుంది. బల్ల మీద తెల్లటి దుప్పటి, దాని మీద బొంత. నాన్న గుడ్డ తీసి పక్కన పెట్టాడు. ఆవిడ ముట్టుకోకుండా ముందు వంగి చూసింది. తర్వాత రెండు అంచులూ వేళ్ళతో దగ్గరకు జరిపింది.

కత్తిరింపు వంకరగా ఉంది, తొందరలో కోసినట్టు. వంకర వంకరకూ సరిపోయింది. నీలం నీలానికి, ఎరుపు ఎరుపుకు. గోధుమ పోగు ఆ గుడ్డలోంచి ఈ గుడ్డలోకి నేరుగా నడిచి వెళ్ళింది.

నాన్న కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. ఆయన మొండి మనిషి, కానీ కళ్ళెదుట కనబడుతున్నదాన్ని కాదనే రకం కాదు.

"సరే ఎర్లీన్. మీ వైనీ నేసింది. ఒప్పుకున్నా. మావాళ్ళ మగ్గం మీద నేసింది, ఒక సగం నీకు వచ్చింది, ఒక సగం మా ఇంట్లో ఉండిపోయింది. దాన్లో ఏముంది?"

"ఉండిపోలేదు హెక్టరుగారూ."

ఆవిడ గొంతు మారింది. అంతకు ముందున్న హాస్యం లేదు.

"మా అమ్మమ్మ కళ్ళారా చూసింది. వైనీ ఒక సగం అమ్మమ్మ భుజాల మీద కప్పింది. రెండోది నడుముకి బిగించి కట్టుకుంది. 'ఇది నా ఒంటిమీద ఉన్నన్నాళ్ళూ నేను నీ దగ్గరున్నట్టే' అంది. అంతలో మీ ముత్తాత పిలిచాడు. వెళ్ళింది. మధ్యాహ్నం ఆయనొచ్చి, వైనీని అలబామా పంపేశాం, ఏడవొద్దన్నాడు. బండి కదలడం మావాళ్ళెవరూ చూళ్ళేదు."

గోడ మీది ఫ్యాను ఇటు తిరిగి, అటు తిరిగింది.

"నడుముకి కట్టుకెళ్ళిన గుడ్డ. మీ పెట్టెలోకి ఎలా వచ్చింది?"

నేను కిటికీ వైపు చూశాను. బయట ఎవరో పిల్లలు సైకిలు తొక్కుకుంటూ పోతున్నారు. ఎర్లీనమ్మ గుడ్డను మెల్లగా తిప్పింది. మరక ఉన్న మూల పైకొచ్చింది. దాని గురించి ఆవిడేమీ అడగలేదు. అరచేయి దాని మీద పెట్టింది. సరిగ్గా సరిపోయింది. నూటపదిహేడేళ్ళ కిందటి మనిషి ఆ గదిలో మా మధ్య కూర్చున్నట్టే అనిపించింది, అది భ్రమేనని ఇప్పటికీ చెప్పలేను.

"అలబామా అనుకున్నాం" అంది ఎర్లీనమ్మ. "మూడు మైళ్ళు, హెక్టరుగారూ. మూడే మైళ్ళు."

నాన్న లేచి నిలబడ్డాడు. "రేపు ఆదివారం" అన్నాడు, ఏదో చెప్పబోయి.

"తెలుసు. తీసుకెళ్ళండి." ఆవిడే గుడ్డ మడిచి పెట్టెలో పెట్టింది. "ఇన్నేళ్ళూ ముద్దు పెట్టుకున్నారు. రేపూ పెట్టుకోవాలనిపిస్తే పెట్టుకోండి. ఎవరిదో ఇప్పుడు తెలుసుగా."

తిరుగు దారిలో నాన్న జేబురుమాలు తీసి పెదవులు తుడుచుకోవడం మొదలుపెట్టాడు. ఒకసారి కాదు, ఆగకుండా. అసహ్యం కాదది. ముప్ఫై నాలుగేళ్ళుగా ఏటా ఆ మరకను పెదవులకు ఆనించుకున్న మనిషి. ఇంటి మలుపు దగ్గరకు రాగానే కారు ఆపమన్నాడు. మా పొలం వెనక పాత మగ్గంపాక ఉండేచోట ఇటుకల పొగగొట్టం ఒక్కటే మిగిలింది. దాన్ని చూస్తూ అన్నాడు:

"మా తాతకి అప్పుడు పద్నాలుగేళ్ళుండాలి. పొగగొట్టం అవతలి మూల ఎవర్నీ దున్ననిచ్చేవాడు కాదు. ఎందుకని నేనడగలేదు. గుడ్డ ఆయన రాతబల్ల సొరుగులో, తాళం కింద ఉండేది. ఆయన పోయాక అత్తకి దొరికింది. అంతకుముందు ఒకసారి అడిగితే, 'పాతది, ముట్టుకోకు' అన్నాట్ట. అత్త రోరీ అట్ట రాసింది."

"తాతకి తెలుసంటావా?"

"పారెయ్యలేకపోయాడు. కాల్చనూ లేకపోయాడు" అన్నాడు నాన్న. "ఇంకేం తెలియాలే?"

మర్నాడు నాన్న కిల్టు కట్టాడు. నేను ఆశ్చర్యపోయాను, కోపం కూడా వచ్చింది. పెట్టె చంకలో పెట్టుకుని వచ్చి చర్చిలో రెండో వరసలో, ఎప్పుడూ కూర్చునే చోటే కూర్చున్నాడు. బయట బ్యాగుపైపు సన్నాయిలు గోల పెట్టాయి. చర్చినిండా గళ్ళే. ఎర్ర గళ్ళు, పచ్చ గళ్ళు, పసిపిల్లల తలలకు గళ్ళ రిబ్బన్లు. మిసెస్ రెన్నీ చివరి వరసలో తన బూడిదరంగు గౌనులో కూర్చుంది. పేర్లు మొదలయ్యాయి. బ్లూ. బూయీ. గిల్‌క్రిస్ట్. పిలిచిన ప్రతి పేరుకూ ఒకరు లేచి, గుడ్డ ఎత్తి, ముద్దుపెట్టుకుని కూర్చుంటున్నారు. మా పేరు దగ్గరికి వస్తుంటే అందరూ మెడలు చాచారు, ఎందుకంటే అందరూ చూడాలని వచ్చేది మా గుడ్డనే.

"మెకీథన్."

నాన్న లేచాడు. పెట్టె మూసే ఉంది. దాని మీద రెండు చేతులూ ఉన్నాయి. పాస్టరు ఆయనకు వినబడలేదనుకుని మళ్ళీ పిలిచాడు.

"ఇది మాది కాదు" అన్నాడు నాన్న.

షాపులో ఒకరి మందు పొరపాటున ఇంకొకరు తీసుకుంటుంటే చెప్పే గొంతుతోనే అన్నాడు. అని కూర్చున్నాడు. చర్చిలో గుసగుసలు రేగాయి. పాపం ముసలాయనకు మతి తప్పిందని నా వెనక ఎవరో అన్నారు. పాస్టరు గొంతు సవరించుకుని తర్వాతి పేరు పిలిచాడు.

దీవెన అయ్యీ కాకముందే నాన్న నన్ను బయటకు లాక్కొచ్చాడు. నేరుగా ఎర్లీనమ్మ ఇంటికి పోనివ్వమన్నాడు. ఆవిడ చర్చి మధ్యాహ్నందాకా విడవదు. ఎండలో, ఉన్ని కిల్టులో, ఒళ్ళో పెట్టెతో ఆవిడ వరండా మెట్ల మీద గంటన్నర కూర్చున్నాడు. దారిన పోయేవాళ్ళు ఆగి మరీ చూశారు. ఎర్లీనమ్మ వచ్చి, గేటు దగ్గర ఆగి, ఆయన్ని తలనుంచి కాళ్ళదాకా చూసింది. ఆ ఒక్కసారి వేళాకోళం చేయలేదు.

"ఎర్లీన్‌గారూ, మీరు తీసుకోవాలి" అన్నాడు నాన్న లేచి నిలబడి. ఆయన ఆవిడను మీరనడం నేను వినడం అదే మొదటిసారి.

ఆవిడ తీసుకుంది.

జులై అంతా మా ఇల్లు వేరుగా ఉంది. చర్చి సంఘంవాళ్ళు వచ్చి అరిచి వెళ్ళారు, కొందరు మా షాపుకి రావడం మానేశారు. నాన్న స్కాట్లండు టిక్కెట్లు వాపసు చేశాడు. ఖాళీ అద్దాలపెట్టెను తీసేయనివ్వలేదు. ఎండ మండిపోయే మధ్యాహ్నాలు ముందుగదిలోంచి దడ్, దడ్ అని మెత్తటి చప్పుడు వచ్చేది. ఒకటి, కాసేపాగి ఇంకొకటి. వెళ్ళి చూస్తే ఏమీ ఉండేది కాదు. మగ్గం చప్పుడు నా జన్మలో వినలేదు, అయినా అది మగ్గమేనని నాకు తెలుసు. భయమేసేది. నీకు వినబడుతోందా అని నాన్ననడగలేదు. ఆయన ఆ గది గుమ్మంలో ఆగి తల వంచుకుని నిలబడటం మాత్రం రెండుసార్లు చూశాను.

పొగగొట్టం అవతలి మూల తవ్విస్తానని నాన్న ఎర్లీనమ్మకు కబురు పెట్టాడు. వద్దంది. "ఎముకల కోసం కెలకొద్దు. ఆవిడ చేత్తో చేసింది దొరికింది, అది చాలు" అంది. బొంతలోంచి నడిమి ముక్కను కుట్టు విప్పి తీసింది. రెండు సగాలనూ కలిపి, కాలరు కుట్టే సన్నటి కుట్టుతో, గోధుమ పోగు గోధుమ పోగులో కలిసేట్టు కుట్టింది. కట్టు కట్టడానికి వెళ్ళిన ప్రతి గురువారం కుట్టు ఇంకాస్త ముందుకు వచ్చుండేది. నేను దీపం దగ్గరకు జరిపేదాన్ని.

ఆగస్టు చివర్లో వాళ్ళ చర్చి వెనక, అమ్మమ్మ సమాధి పక్కనే చిన్న గుంట తీయించింది. నలభై మంది వచ్చారు. అందరూ మెకీథన్లే. నాన్నా నేనూ చివర నిలబడ్డాం. కుట్టిన గుడ్డను పైన్ చెక్కపెట్టెలో పెట్టి దించారు. ఏడుపులు లేవు, పాట మాత్రం చాలాసేపు పాడారు. ఎర్లీనమ్మ పాడలేదు. అమ్మమ్మ సమాధి రాయి మీద చెయ్యేసి, వంగి, "మీ అమ్మ ఎక్కడికీ పోలేదే. నిన్ను మర్చిపోనూ లేదు" అని చెప్పింది. అది విన్నాక నేను ఏడ్చాను.

అందరూ వెళ్తుండగా నాన్న ఆవిడ దగ్గరకు వెళ్ళాడు. రాయి తను చెక్కిస్తానన్నాడు. దాని మీద ఏం రాయాలో మందుల చీటీ కాగితం మీద అప్పటికే రాసుకొచ్చాడు. ఆయనది మంచి దస్తూరి. వారం రోజులు ఆలోచించి రాశాడు. తన దగ్గరున్నవాటిలో అంతకన్నా విలువైంది లేదనే నమ్మకంతో ఇచ్చాడు. ఆ నమ్మకం నేనెరుగుదును.

ఎర్లీనమ్మ కాగితాన్ని దూరంగా పట్టుకుని చదివింది. వైనీ మెకీథన్.

"కలం ఉందా హెక్టరుగారూ?"

ఆయన జేబులోంచి తీసి ఇచ్చాడు. ఆవిడ కాగితాన్ని అరచేతిలో పెట్టుకుని రెండో మాటను కొట్టేసింది. ఒకటే గీత, తిన్నగా.

"ఈ పేరు మేం మోస్తున్నాంగా" అంది. "ఆవిణ్ణి దించుకోనివ్వండి."

నాన్న కాగితం తీసుకున్నాడు. ఆ కొట్టివేతను చూసి, టోపీ తీసి, "అలాగేనండి" అన్నాడు.